కారులో పాకం వాసన వస్తే: చలి దేశానికి కొత్తగా వెళ్ళేవాళ్ళకి

జులై వచ్చిందంటే మా అమలాపురం వైపు ఏ ఇంటికెళ్ళినా హాల్లో సూట్‌కేసు, పక్కన తూకం మిషను. ఆవకాయ ఎన్ని కవర్లలో చుట్టాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు గానీ, అక్కడ దిగాక కొనే పాత కారు గురించి ఎవరూ చెప్పరు. అమెరికాలోని మిషిగన్‌లో కొన్నేళ్ళు ఉండొచ్చాను కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను.

మన దగ్గర కారు ఏసీ నాబ్‌ని ఎర్ర గీత వైపు ఎవరూ తిప్పరు, భోగి రోజు తెల్లారుజామున కూడా. అందుకే హీటర్ కోర్ అనేదొకటి ఉందని మనకి తెలీదు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ పెద్ద కాలువ అనుకుంటే, అందులోంచి ఒక పంట బోదె తీసి డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి పంపుతారు. ఆ వేడి మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది, మీ కాళ్ళు వెచ్చబడతాయి, ముందద్దం మీద మంచు కరుగుతుంది. ఆ చిన్న రేడియేటరే హీటర్ కోర్. కూలెంట్ ఏళ్ళ తరబడి మార్చకపోతే తుప్పు నిరోధించే గుణం పోయి, లోపల తినేసి, చివరికి గండి పడుతుంది.

నా మొదటి చలికాలంలో కారులో పాకం వాసన మొదలైంది. ఇంటి నుంచి తెచ్చిన తాపేశ్వరం కాజా డబ్బా కారిందేమోనని సీట్ల కిందంతా వెతికాను. డబ్బా ఇంట్లోనే ఉంది, అదీ ఖాళీది. తర్వాత అద్దం లోపలి వైపు ఆవిరి పట్టడం, గుడ్డతో తుడిస్తే నూనె రాసినట్టు ఇంకా మసకబారడం. ప్యాసింజర్ కాళ్ళ దగ్గర (అక్కడ అది కుడివైపు) మ్యాట్ ఎత్తితే తడి. మనూళ్ళో అయితే ఏసీ నీళ్ళ పైపు మూసుకుపోయిందంటాం, నూటికి తొంభైసార్లు అదే. తేడా తెలియాలంటే తెల్ల టిష్యూతో అద్దండి: ఏసీ నీళ్ళకి రంగు, వాసన ఉండవు, కూలెంట్ అయితే రంగు అంటుతుంది, ఆ పాకం వాసనే వస్తుంది, వేళ్ళ మధ్య జారుతుంది. రుచి మాత్రం చూడొద్దు. అందులో మామూలుగా ఉండే ఇథిలిన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి కాబట్టి నేల మీద ఒలకబోయొద్దు కూడా.

హీటర్ కోర్ మార్చడానికి మెకానిక్ చెప్పిన రేటు కారు కొన్న ధరలో సగం పైనే. మోసం కాదండి. పార్టు చవకే, కానీ చాలా కార్లలో దాన్ని చేరాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, రోజంతా పని. కొన్ని మోడళ్ళలో పక్క నుంచే లాగేయొచ్చు, అందుకని ముందు మీ కారు సర్వీస్ మాన్యువల్ చూడండి.

లీకు ఆపే పొడి పోయమని స్నేహితులు చెప్తారు, వినొద్దు. గండితో పాటు మంచి దారులూ పూడిపోవచ్చు, కాలువైతే కట్టేసి పూడిక తీస్తాం, దీంట్లో అది అంత తేలిక కాదు. ఇంజన్ వైపు కోర్‌కి వెళ్ళే రెండు హోస్‌లని (రబ్బరు గొట్టాలు) కలిపేసి దాన్ని తప్పించడం పాత చిట్కా. ఏప్రిల్‌లో అయితే సరే. డిసెంబర్‌లో అలా చేస్తే అద్దం మీద మంచు వదలదు, రోడ్డు కనపడదు.

నేనూ, పాలకొల్లు రూమ్మేటూ కలిసి ఒకాయన గరాజ్‌లో శని, ఆదివారాలు కూర్చుని మార్చాం (చాలా అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకోరు, అగ్రిమెంటు చదువుకోండి). ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ముందు బ్యాటరీ తీసేసి కాసేపు ఆగాలి. ఏసీ పైపులు విప్పాల్సిన మోడలైతే గ్యాస్‌ని షాపులో మిషన్‌తో తీయించాలి, గాల్లోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం. పాత హోస్ అంటుకుపోతే మెలితిప్పి లాగొద్దు, మావాడు అలాగే లాగాడు, కోర్ పైపు వంకరపోయింది. ఎలాగూ తీసేసేదే కాబట్టి బతికిపోయాం. బ్లేడుతో కోసేసి, కొత్త హోస్, కొత్త క్లాంప్ వేయండి.

ఇంకోటి. కూలెంట్ ట్యాంకు తగ్గితే బోరు నీళ్ళు పోసే మన అలవాటు ఇక్కడే వదిలేయండి. అక్కడ ఉత్త నీళ్ళు గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే పగలగొడతాయి. మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. పోశాక హీటర్ ఫుల్‌లో పెట్టి గాలి బయటికి పోనివ్వాలి, లేకపోతే డాష్‌బోర్డు వెనక గుడగుడ శబ్దం, చల్లగాలి. ఇంజన్ వేడిగా ఉండగా కూలెంట్ మూత మాత్రం ముట్టుకోవద్దు.

కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఎండాకాలమైనా సరే, కిటికీలు మూసి హీటర్ ఫుల్‌లో పది నిమిషాలు తిప్పండి. అమ్మేవాడు చెమటలు పడుతున్నాయని గొణుగుతాడు. మీరు ప్యాసింజర్ మ్యాట్ ఎత్తి కార్పెట్ నొక్కి చూడండి.