బోటు మోటారు సెల్ఫ్ తీసుకోకపోతే ఏం చూడాలి?

బోటు వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు సెల్ఫ్ తీసుకోలేదంటే చాలు, కాకినాడ రేవైనా నిజాంపట్నం రేవైనా మనవాళ్లు ముందు కొత్త బ్యాటరీ కొంటారు, దానికీ లొంగకపోతే సెల్ఫ్ మోటారు మార్చేస్తారు. డబ్బంతా వదిలాక చూస్తే తప్పు ఎర్త్ వైరు కొసన పట్టిన చిలుములో ఉంటుంది. ఉప్పుగాలిలో తిరిగే బోటుకి ముందు అనుమానించాల్సింది కనెక్షన్లనే. కొలవకుండా ఏ పార్టూ మార్చొద్దు.

డిజిటల్ మల్టీమీటర్, స్పానర్లు, గరుకు కాగితం, స్పేర్ ఫ్యూజులు, కీ తిప్పడానికి ఒక మనిషి. ఇంతే కావాలి.

గేరు న్యూట్రల్‌లో ఉందా, కిల్ స్విచ్ (ఇంజిన్‌ని ఆపేసే స్విచ్) క్లిప్పు సరిగ్గా కూర్చుందా, మెయిన్ ఫ్యూజు పోయిందా చూడండి. పోతే అదే రేటింగ్‌ది వేయాలి, వైరు ముక్క చుట్టడం కాదు. కొన్ని గంటలు ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12 కంటే తక్కువైతే ముందు చార్జింగ్ పెట్టండి. టెర్మినల్ మీద చేత్తో బిగించే రెక్కల నట్లు ఉంటే తీసి పారేయండి, అలల కుదుపుకి అవి వదులైపోతాయి. స్పానర్‌తో బిగించే నట్లే ఉండాలి.

ఇక అందరూ పాడుచేసే పని దగ్గరికి వద్దాం. వైరు రెండు కొసలకీ ప్రోబులు ఆనిస్తే మీటరు బీప్ కొట్టింది కాబట్టి వైరు బాగుందని చెప్పేస్తారు. బీప్‌కి అతి కొద్ది కరెంటు చాలు, లోపల ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. సెల్ఫ్ మోటారుకి పదుల ఆంపియర్లు కావాలి. అందుకే వైరుని పరీక్షించాల్సింది సెల్ఫ్ కొడుతున్నప్పుడే.

ముందు మూత తెరిచి పెట్రోల్ వాసన పోయేదాకా ఆగండి, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) దగ్గర చేతులు పెట్టకండి. చాలా మోటార్లలో కిల్ స్విచ్ క్లిప్పు తీసేస్తే సెల్ఫ్ తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు, ఈ పరీక్షకి మనకి కావలసింది అదే. కొన్నింట్లో సెల్ఫే తిరగదు, వాటికి మీ మాన్యువల్ చూడండి. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ దిమ్మ మీదే ఆనించండి, వైరు కొసనున్న లగ్ (లోహపు తొడుగు) మీద కాదు. నల్లది సెల్ఫ్ మోటారు బోల్టు మీద. కీ తిప్పకముందు 12 వోల్టులు కనిపిస్తుంది, కంగారు పడకండి, ఆ అంకెతో మనకి పని లేదు. సెల్ఫ్ కొడుతుండగా కనిపించేది దారిలో పోతున్న వోల్టేజి, అది అర వోల్టు లోపు ఉంటే ఆ దారి బాగున్నట్టే. తర్వాత బ్యాటరీ నెగటివ్ దిమ్మ నుంచి ఇంజిన్ బ్లాకుకి ఇలాగే చూడాలి, పెయింట్ లేని చోట గట్టిగా ఆనించి, ఇక్కడ 0.3 దాటకూడదు. దాటితే ప్రోబ్‌ని ఒక్కో జాయింటు ముందుకి జరుపుతూ రండి, అంకె ఎక్కడ ఎగబాకిందో తప్పు అక్కడే. ఒక్కసారికి పది సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో సెల్ఫ్‌ని చల్లారనివ్వాలి.

క్లిక్ శబ్దమే రాకపోతే, కీ తిప్పినప్పుడు సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకి కరెంటు కలిపే స్విచ్) సన్న వైరుకి 12 వోల్టులు వస్తోందా చూడండి. రాకపోతే తప్పు కీలో గానీ, గేరు న్యూట్రల్‌లో ఉంటేనే సెల్ఫ్ కొట్టనిచ్చే న్యూట్రల్ స్విచ్‌లో గానీ ఉంటుంది. వస్తున్నా కొట్టకపోతే సోలినాయిడ్, లేదా దాని ఎర్త్. స్క్రూడ్రైవర్‌తో రెండు బోల్టులు కలపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పెట్రోల్ ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ లేస్తుంది, పైగా గేరులో ఉన్నా ప్రొపెల్లర్ తిరిగేస్తుంది.

తప్పు దొరికాక రాగి మెరిసేదాకా వైరు వెనక్కి కోసి, తగరం పూత ఉన్న వైరు వేసి, లగ్ క్రింపింగ్ చేసి (నొక్కి బిగించి), జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. టేపు చుట్టడం దండగ, ఉప్పునీరు లోపలే నిలిచిపోతుంది.

మోటారు స్టార్ట్ అయ్యాక, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు అందుతున్నాయని చూసుకుని, కొంచెం రేజ్ చేసి బ్యాటరీ మీద కొలవండి. 13.5 నుంచి 14.5 దాకా ఉంటే చార్జింగ్ సరిగ్గా ఉంది. చార్జింగ్ చూడ్డానికని నడుస్తున్న మోటారుకి బ్యాటరీ వైరు పీకకండి, చార్జింగ్ కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫైయర్ కాలిపోతుంది.