రెండు వేర్వేరు డేటాబేస్‌ల మధ్య బల్క్ కాపీ నత్తనడక నడుస్తోందా?

ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి పెద్ద టేబుల్ పంపే జాబ్ గంటల తరబడి తేలకపోతే చాలామంది ముందు ర్యామ్ పెంచమంటారు. చాలాసార్లు గొడవంతా లూప్‌లోనే ఉంటుంది: ఒక రో చదవడం, ఒక ఇన్సర్ట్ పంపడం, జవాబు వచ్చేదాకా కూర్చోవడం. నెట్‌వర్క్‌లో వెళ్లి రావడానికి 1 మిల్లీసెకనే పట్టినా, కోటి రోలకు ఆ ఎదురుచూపే 10,000 సెకన్లు, అంటే దాదాపు రెండుముప్పావు గంటలు!

ముందు నిదానం ఎటువైపో తేల్చుకోండి. డేటా చదివి ఎక్కడా రాయకుండా పారేసి చూడండి, అదీ లేటైతే సమస్య సోర్స్ వైపే. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపేది) మామూలుగా ఒక్కసారికి 10 రోలే తెస్తుంది, ఆ ఫెచ్ సైజ్‌ని వెయ్యికో రెండు వేలకో పెంచితే చాలు, తేడా వెంటనే కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ నుంచి చదివేటప్పుడు కథ తిరగబడుతుంది: ఆటోకమిట్ (ప్రతి కమాండ్‌నీ దానంతటదే ఖాయం చేసే సెట్టింగ్) ఆపి ఫెచ్ సైజ్ పెట్టకపోతే మొత్తం రిజల్ట్‌ని మెమరీలోకి లాగేస్తుంది. ముక్కలుగా చదవాలంటే ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని రోలు దాటేయ్ అని చెప్పడం) జోలికి పోవద్దు, లోపలికి వెళ్లేకొద్దీ దాటేయాల్సిన రోలన్నీ మళ్లీ మళ్లీ చదువుతుంది. చివరి ఐడీ గుర్తుపెట్టుకుని దానికంటే పెద్దవి అడగండి.

రాసే వైపు ఇన్సర్ట్ మానేసి ఆ డేటాబేస్ సొంత బల్క్ దారి పట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ, మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బీసీపీ. అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇక్కడే. మైఎస్‌క్యూఎల్‌కి జేడీబీసీ బ్యాచ్‌లే తప్పదంటే రీరైట్‌బ్యాచ్డ్‌స్టేట్‌మెంట్స్ ఆప్షన్ ఆన్ చేయండి, అది లేకపోతే ఆ బ్యాచ్ పేరుకే బ్యాచ్. ఒక్కో రోకి ఒక్కో కమిట్ మాత్రం ఎక్కడా వద్దు.

టార్గెట్ టేబుల్ ఖాళీగా ఉంటే ఇండెక్స్‌లు, ఫారిన్ కీలు తీసేసి లోడ్ అయ్యాక కట్టుకోండి. ఇంకా వేగం కావాలంటే ఐడీ రేంజ్‌లుగా పంచి నాలుగు కనెక్షన్లు నడపొచ్చు. కానీ సోర్స్ లైవ్‌లో ఉంటే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో సమయపు డేటా కనిపిస్తుంది, కాబట్టి ఒరాకిల్‌లో అన్నీ ఒకే ఎస్‌సీఎన్ (డేటా ఏ క్షణానిదో చెప్పే ఒరాకిల్ నంబర్) దగ్గర చదివేలా చూడండి.

ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ అన్నా నల్ (విలువే లేకపోవడం) అన్నా ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి కాదు. అటువైపు టేబుల్‌లో నాట్ నల్ (నల్ ఒప్పుకోని) కాలమ్ ఉంటే కాపీ కమాండ్ అక్కడే ఆగిపోతుంది, మామూలు సెట్టింగ్‌లో అయితే ఆ కమాండ్‌లో అంతవరకు వెళ్లినవీ వెనక్కి పోతాయి. అందుకే మొత్తం ఒక్క కమాండ్‌లో కాకుండా ఐదారు లక్షల చొప్పున పంపండి. అంతా అయ్యాక అనలైజ్ (టేబుల్ లెక్కలను తాజా చేసే కమాండ్) కొట్టి, సీక్వెన్స్‌లను (కొత్త ఐడీలు ఇచ్చే కౌంటర్లను) ఆఖరి ఐడీ దాకా జరపండి, లేదంటే యాప్ నుంచి వచ్చే మొదటి ఇన్సర్టే డూప్లికేట్ కీ అని తిరగబడుతుంది.