పాత ఆటోమేటిక్ కారు గేరు మారేటప్పుడు తన్నుతోందా? గేర్‌బాక్స్ దించక ముందే ఇవి చూడండి

ఆటోమేటిక్ బండి జర్క్ కొడుతోందని షెడ్డుకు తీసుకెళ్తే మన దగ్గర ఎక్కువగా వినపడే మాట "గేర్‌బాక్స్ పోయింది సార్, దించాల్సిందే". ఒక్కోసారి నిజంగానే పోయి ఉంటుంది. కానీ దించకుండానే తేల్చగలిగేవి చాలా ఉన్నాయి, కొన్నయితే అసలు గేర్‌బాక్స్ లోపలివే కావు.

ఇక్కడ రాసేదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత ఆటోమేటిక్‌ల గురించి. 2008-13 మధ్య హోండా సిటీ, నాలుగు గేర్ల ఐ10, ఐ20, పాత కరోలా ఆల్టిస్ లాంటివి. 2014లో సెలెరియోతో వచ్చిన ఏఎంటీ వేరు, అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం మెషిన్ చేస్తుంది. గేరు మారినప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దానికి మామూలే, టెన్షన్ పడకండి.

ముందు చేయాల్సింది రోగం ఎప్పుడు కనిపిస్తోందో పట్టుకోవడం. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడా, అన్నిట్లోనా? హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఆగుతూ ఆగుతూ నడపండి, తర్వాత మడికొండ దాటి హైదరాబాద్ రోడ్డు మీద 60-70లో నిలకడగా పోనివ్వండి. ఒక కన్ను ఆర్‌పీఎం ముల్లు మీద ఉండాలి. "జర్క్ వస్తోంది" అని మాత్రమే చెబితే మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు?

పి (పార్కింగ్) నుంచి డి (ముందుకు), ఆర్ (రివర్స్) వేయగానే ధడ్‌మంటోంది

ఇంజిన్ వేడెక్కాక కూడా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) ఎక్కువగా ఉందా చూడండి. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే ఐడిల్ కుదురుగా ఉండదు, ఆ వేగంలో గేరు పడితే తన్నుతుంది. శుభ్రం చేయించి, ఐడిల్ మళ్లీ సెట్ చేయిస్తే చాలు. అదీ కాకపోతే ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్‌లు. బానెట్ తెరిచి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి డి, ఆర్ మార్చాలి, మీరు పక్కన నిలబడి చూడాలి (బండికి ఎదురుగా మాత్రం నిలబడొద్దు). ఇంజిన్ మొత్తం ఎగిరి పడుతుంటే రబ్బరు పోయినట్టే. వాలు మీద ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా పి వేస్తే, తీసేటప్పుడు వచ్చే ధడ్ రోగం కాదు, అలవాటు.

గేరు మార్పులన్నీ మొరటుగా ఉన్నాయి

ఇక్కడ అనుమానం మొదట ఆయిల్ మీదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు, "లైఫ్‌టైమ్ ఆయిల్" అని చెప్పి వదిలేసినవే ఎక్కువ. ఎండాకాలంలో మన ట్రాఫిక్‌లో తిరిగే బండికి ఆ మాట నమ్మను, 40-60 వేల కిలోమీటర్లకోసారి మార్చడమే మేలు.

చూసే పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది, చాలామంది తప్పేది ఇక్కడే. గేజ్ కడ్డీ ఉన్న పాత హ్యుందాయ్, టయోటాల్లో బండి బాగా వేడెక్కాక, బ్రేకు తొక్కి లీవర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, పి లో ఇంజిన్ నడుస్తుండగానే చూడాలి. హోండాలో వేడెక్కాక ఇంజిన్ ఆపేసి 60-90 సెకన్ల లోపు చూడాలి. కడ్డీయే లేకపోతే బండిని లేపి కింది ప్లగ్ నుంచి చూడాల్సిందే.

ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా, పల్చగా ఉంటే మంచిదే. గోధుమ రంగుకు తిరిగితే మార్చే టైమ్ అయింది. నల్లగా మారి మాడిన వాసన వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే నీళ్లో, రేడియేటర్ లోపలి కూలర్ లీకై కూలెంటో కలిసింది, అప్పుడు బండి అసలు నడపకండి. 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి కదా, అప్పుడు ఈ చుట్టుపక్కలే తిరిగిన పాత కారు కొంటుంటే ఈ చుక్క పరీక్ష తప్పనిసరి.

మార్చేటప్పుడు మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి. హోండాకు డీడబ్ల్యూ-1, పాత హ్యుందాయ్‌కి ఎస్‌పీ-3. "అన్నిటికీ ఇదే నడుస్తది" అని డబ్బా చూపిస్తే వద్దనండి. ప్లగ్ విప్పితే మొత్తం దిగదు, చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ మార్చాలి. విప్పినప్పుడు ఇనుప పొడిని పట్టే అయస్కాంతం చూడండి. మెత్తటి బూడిద రంగు పేస్టు అరుగుదలే, పర్వాలేదు. వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్‌తో పని కాదు.

50-70 మధ్య బండి వణుకుతోంది

కాలు తేలిగ్గా ఆనించి నిలకడగా పోతున్నప్పుడు, హైవే మీద వరస గీతల బ్రేకర్లు దాటుతున్నట్టు గడగడలాడితే లాకప్ క్లచ్‌ను (నిలకడ వేగంలో కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా బిగించేది) అనుమానించాలి. వెనక బండ్లు లేనప్పుడు బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకి చూడండి. బ్రేకు తాకగానే లాకప్ విడిపోతుంది, వణుకూ ఆగితే కారణం దొరికింది. కొత్త ఆయిల్‌తో చాలావాటికి తగ్గుతుంది, తగ్గకపోతే కన్వర్టర్ బాగు చేయించాలి. బ్రేకు తాకినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్ స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్స్ చూడండి.

రేజ్ అవుతోంది, బండి గుంజడం లేదు

ముల్లు పైకి లేచి వేగం పెరగకపోతే, లేదా పొద్దున డి వేశాక రెండు మూడు సెకన్లు కదలకపోతే, ఆయిల్ లెవెల్ తక్కువై ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. లెవెల్ సరిచేసినా జారుతుంటే ఇంకా నడపడం దండగ, నడిపిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. గేర్‌బాక్స్ దించాల్సిన కేసు నిజంగా ఇదే.

ఒకే గేరులో ఇరుక్కుంది, ఆపి స్టార్ట్ చేస్తే బాగయింది

ఇది బండి కంప్యూటర్ గేర్‌బాక్స్‌ను కాపాడే పద్ధతి. స్కానర్ పెట్టించండి, తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్‌లు కనిపిస్తాయి. పీ0700 అంటే గేర్‌బాక్స్ వైపు తప్పు ఉందన్న కబురు మాత్రమే, అసలు కోడ్ దాని వెనక ఇంకోటి ఉంటుంది. పీ0715, పీ0720 వేగం సెన్సార్లవి, పీ0750 సొలెనాయిడ్‌ది (గేరు మార్చడానికి ఆయిల్‌ను మళ్లించే కరెంటు వాల్వు). కోడ్ రాగానే సెన్సార్ కొనేయకండి, ముందు వైర్లు కలిసే కప్లర్ ఊడదీసి తుప్పు, నూనె ఉన్నాయేమో చూడండి. పొలాల పక్కన, ఖాళీ ప్లాట్ల దగ్గర ఆపే బండ్లకు వైర్లు కొరికే ఎలుకలతో పెద్ద బాధ. బ్యాటరీ కూడా చూడాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.5-14.7 వోల్టుల మధ్య రాకపోతే కంప్యూటర్ లేనిపోని కోడ్‌లు చూపిస్తుంది.

వేడెక్కాకే మొదలయ్యే జర్క్‌కు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా లేదా చూడండి. మేడారం జాతరకు తాడ్వాయి వైపు గంటల తరబడి పాకుతూ పోయే ట్రాఫిక్‌లో ఏటీఎఫ్ బాగా కాగుతుంది. బండ్లు పూర్తిగా ఆగిపోతే ఎన్ (న్యూట్రల్) వేసి హ్యాండ్‌బ్రేక్ లాగండి.

దారిలో మొరాయిస్తే తాడు కట్టి గుంజకండి. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్ పంపు తిరగదు, ఆయిల్ అందక లోపలివి అరిగిపోతాయి. ములుగు నుంచైనా సరే, బండిని పైకి ఎక్కించుకునే వాహనాన్నే పిలవండి.