కొట్టు అద్దెకు తీసుకునే ముందు – 3వ పాఠం: పట్టా, గడువు

కిందటి పాఠంలో వీధిని, గిరాకీని గమనించాం. ఒడిశాలోని రాయగడలో ఒక కొట్టు మీకు నచ్చిందనుకుందాం. యజమాని ఒప్పందం ముసాయిదా ఇస్తారు. దాన్ని పక్కన పెట్టి ముందు పట్టా అడగండి.

పట్టా ఒడియాలో ఉంటుంది. లిపి రాకపోతే వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి గడీ చదివించుకోండి. ఖాతా, ప్లాటు నంబర్లను ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో సరిచూడండి. పట్టా ఇంకా తండ్రి పేరునే ఉండి ఆయన గతించి ఉంటే, వారసులందరి సంతకాలూ కావాలి. కిసం (భూమి రకం) దగ్గర ‘ఘరబారి’ అని ఉంటే అది ఇంటి స్థలం. సాగుభూమి అని ఉంటే భూమి రకం మార్చిన ఉత్తర్వు చూపించమనండి.

యజమాని పేరుతో పాటు కులం కూడా అక్కడే రాసి ఉంటుంది. మన వ్యాపారులు ఎక్కువగా దాటవేసేది ఇదే. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఆదివాసీల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. గజపతి జిల్లాలో కొంత భాగమే. ఇక్కడ ఆదివాసీల స్థిరాస్తి బదిలీని 1956 నాటి 2వ రెగ్యులేషన్ నియంత్రిస్తుంది. అందులో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా. ఆదివాసీ భూమిలోని కొట్టును ఆదివాసీ కానివారు తీసుకుంటే, ఎంత పకడ్బందీగా రాసుకున్నా ఆ కాగితం నిలవదు. ఆ భూమిని కాపాడటానికే ఆ చట్టం వచ్చింది. దొడ్డిదారి వెతకడం తప్పు. మరో కొట్టు చూసుకోండి. బరంపురం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అక్కడ ఈ రెగ్యులేషన్ వర్తించదు.

ఇక గడువు. ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. అది తప్పించుకోవడానికే చాలామంది పదకొండు నెలలకు రాస్తారు. గడువు తీరాక నెలవారీ అద్దెగా సాగితే, వేరే షరతు లేనప్పుడు 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు.

లెక్క వేద్దాం. అద్దె నెలకు 12,000. అరలు, దీపాలు, రంగులకు మీరు పెట్టేది 1,80,000. పదకొండు నెలలకే లేవాల్సి వస్తే ఆ ఖర్చు నెలకు 16,000 పైమాటే. మొత్తం 28,000 దాటుతుంది. మూడేళ్లు ఉండగలిగితే నెలకు 5,000 మాత్రమే, మొత్తం 17,000. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపినా మూడేళ్ల లీజుకే నా ఓటు. కానీ ఆ మూడేళ్లు యజమానిని కట్టిపడేయాలి గానీ మీకు సంకెల కాకూడదు: మూడు నెలల నోటీసుతో మీరు వదులుకునే వీలు రాయించుకోండి. మీరు బిగించిన సామాను మీరే తీసుకెళ్లవచ్చని కూడా.

అభ్యాసం: మీరు చూసిన కొట్టు కిసం, యజమాని వివరాలు రాసి, అద్దె, మీరు పెట్టే ఖర్చు కలిపి నెలకు ఎంత పడుతుందో పదకొండు నెలలకూ ముప్పై ఆరు నెలలకూ లెక్కకట్టండి. వచ్చే పాఠంలో అడ్వాన్సు, అద్దె పెంపు.