కాన్‌స్టబుల్ దగ్గర ఆకాశం నేర్చుకుందాం – 4వ పాఠం: మబ్బు మీకోసం ఆగదు

పోయినసారి తప్పు నాదే. "డాబా ఎక్కండి, ఇంగ్లండ్ చిత్రకారుడు కాన్‌స్టబుల్ లాగా మబ్బుల్ని చూస్తూ వేయండి" అన్నాను గానీ ఎంతసేపట్లో ముగించాలో చెప్పలేదు. మీలో చాలామంది రెండేసి గంటలు కూర్చున్నారు. మొదలుపెట్టిన మబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది. దాని నెత్తికి తర్వాత వచ్చినదాని కడుపు అతికించారు. వచ్చిన బొమ్మల్లో సగం, చిరిగిన దిండులోంచి దూది బయటపడ్డట్టు ఉన్నాయి. అందుకే ఈసారి వేద్దామనుకున్న చెట్లు ఆగుతాయి. మళ్లీ మబ్బులే.

జాన్ కాన్‌స్టబుల్ భార్య మరియాకు ఒంట్లో బాగుండేది కాదు. అందుకని 1819 నుంచి లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేవాడు. గుట్ట మీద ఊరు, ఎటు చూసినా ఆకాశమే. 1821, 22ల్లో అక్కడే చిన్న చిన్న కాగితాల మీద నూనె రంగులతో వరసగా మబ్బులు వేశాడు. ఒకదాని వెనక ఏం రాశాడో చూడండి: 1821 సెప్టెంబర్ 11, ఉదయం 10 నుంచి 11, వెండి బూడిద మబ్బులు, ఉక్క, గాలి తక్కువ, దిక్కు నైరుతి, పగలంతా బాగుంది, రాత్రికి వాన. బొమ్మకు పట్టింది గంట. ఆ రాత్రి వాన సంగతి మాత్రం తర్వాత రాసిందే కదా! బొమ్మ అయిపోయినా మనిషి ఆకాశాన్ని వదల్లేదు.

ఇది బళ్లో వచ్చిన అలవాటు కాదు. 1799లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ బడిలో చేరకముందే, సొంత జిల్లా సఫోక్‌లో గాలిమర పని చేశాడు. నాన్న గోల్డింగ్ ధాన్యం వ్యాపారి, ఫ్లాట్‌ఫర్డ్ నీటి మిల్లు కూడా వాళ్లదే. గాలిమర తిప్పేవాడు పైకి చూడకపోతే పని జరగదు. పెద్ద మబ్బుల కింద, నేలకు దగ్గరగా పరుగెత్తే చిన్న ముక్కల్ని ఆ మరలవాళ్లు 'వార్తాహరులు' అనేవాళ్లట. అవి కనిపిస్తే వాతావరణం చెడబోతోందని గుర్తు. ఈ సంగతి కాన్‌స్టబులే తర్వాత రాశాడు. మీ బొమ్మల్లో ఆ చిన్న ముక్కలు ఒక్కదాంట్లోనూ లేవు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఆకాశాన్ని వస్తువుల వెనక కట్టిన తెల్ల దుప్పటి అనుకోమని ఆయనకు కూడా చాలామంది సలహా ఇచ్చారు. 1821 అక్టోబర్‌లో స్నేహితుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో ఆ మాటను కొట్టిపారేశాడు. బొమ్మకు శ్రుతి ఆకాశమే అన్నాడు. మీరు చేస్తున్నది ఆ దుప్పటి పనే. ఒకరి బొమ్మలో మబ్బులకు ఎడమవైపు వెలుగు, వాటర్ ట్యాంకు నీడ కూడా ఎడమవైపే! ఇంకొకరు మధ్యాహ్నపు ఆకాశం కింద సాయంత్రపు గోడ వేశారు. మరొకరి మబ్బు నల్లగా కమ్ముకుంది, కింద తీగమీద చీర మాత్రం ధగధగా మెరుస్తోంది. మెరవచ్చు, కాదనను. మబ్బులో ఒక సందు చూపించండి, అప్పుడు నమ్ముతాను. ఆయన పేరుమోసిన బొమ్మ 'ద హే వెయిన్' చూడండి. ముందు ఏట్లో బండి, కుడివైపు దూరంగా పచ్చిక మీద ఎండ. ఆ ఎండ ఊరికే రాలేదు, పైన మబ్బులు విడివడిన చోటు నుంచి వచ్చింది. ఎండను, సందును కలిపే చూడాలి.

రంగుల గురించి ఒక్క మాట. నల్ల ట్యూబు దాచేయండి. అల్ట్రామెరైన్ నీలంలో ఎర్రగోధుమ రంగు బర్న్ట్ సియెన్నా కలిపితే మబ్బు కడుపుకి కావలసిన బూడిద రంగు వస్తుంది. ఆయన చాలా స్కెచ్‌లకు ముందే ఎర్రగోధుమ పూత వేసుకునేవాడు. నాకంత ఓపిక లేదు. గోధుమరంగు ఫైలు అట్ట కోసి, దానిమీద పోస్టర్ కలర్ వేస్తాను.

ఇంత కష్టపడితే ఆయనకు ఏం ఒరిగిందని ఒకరు అడిగారు. 'ద హే వెయిన్' 1821 అకాడమీ ప్రదర్శనలో అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో జరిగే పెద్ద చిత్ర ప్రదర్శన సలోన్‌లో దానికి బంగారు పతకం వచ్చింది, ఆయన వెళ్లనే లేదు. ఆయన కాలపు మరో ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్‌కు 26వ ఏట దక్కిన అకాడమీ పూర్తి సభ్యత్వం ఈయనకు 1829లో, 52వ ఏట దక్కింది. అప్పటికి మరియా పోయి మూడు నెలలు కూడా కాలేదు.

అభ్యాసం: ఏడు రోజులు, ఒకే కిటికీ, ఒకే సమయం. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోండి, మోగగానే కుంచె కింద పెట్టేయాలి. వెనకాల తేదీ, గంట, గాలి దిక్కు, ఉక్కా చలా రాయండి. మర్నాడు పొద్దున్నే, రాత్రి ఏమైందో చేర్చండి. ఎనిమిదో రోజు ఆ రాతలన్నీ వేరే కాగితం మీదికి ఎక్కించి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి. ఏ రాత ఏ బొమ్మదో వాళ్లు జతపరచాలి. కనీసం నాలుగైనా కుదరకపోతే వారమంతా మళ్లీ మొదటి నుంచి. ఫోన్లో ఫోటో తీసుకుని, దాన్ని చూసి వేసినవి మాత్రం పంపకండి, ఇట్టే తెలిసిపోతుంది.