తోటలో గుడారం బసకు బయలుదేరే ముందు

విజయవాడ దాటి కృష్ణ ఒడ్డు తోటల్లో రెండు రోజులు పిల్లలతో గడుపుదామనుకుంటున్నారా? మంచం, ఫ్యాను, స్నానాల గది ఉన్నా అది గుడారమే.

• నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో అయితే ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక ఉందేమో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

• అసలు జాగ్రత్త పాముల విషయంలో. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. అందుకే పడక మంచం మీదే. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పొద్దున చెప్పులు దులిపి వేసుకోండి. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, గాయం కోయడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. విరుగుడు మందు దొరికే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే అడిగి పెట్టుకోండి.

• ఒడ్డు నుంచి చూస్తే నది మోకాలి లోతే అనిపిస్తుంది. ఇసుక తవ్విన గోతులు పైకి కనిపించవు. పిల్లలను దింపవద్దు.

• ఎంత చలేసినా బొగ్గుల కుంపటి గుడారంలోకి వద్దు. పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

• పులిహోర, దోమల మందు. మా ఇంట్లో మొదటిది ఎవరూ మరిచిపోరు. రెండోది ప్రతిసారీ నేనే మరిచిపోతాను.