గుర్రప్పిల్లతో మచ్చిక – నాలుగో పాఠం: పగ్గం పట్టి నడిపించడం

గత పాఠంలో మనం గుర్రప్పిల్ల మీదికి వెళ్లకుండా, అదే మన దగ్గరికి వచ్చేదాకా కదలక నిలబడటం, వచ్చాక ముఖం జోలికి పోకుండా మెడ మొదట్లో, మూపుకు కాస్త ముందు గోకడం నేర్చుకున్నాం. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది ఆ చోటే; అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుందని పరిశీలించినవారు కొలిచి చూశారు. మిమ్మల్ని చూడగానే మీ పిల్ల చెవులు ముందుకు నిక్కించి, గోకుతుంటే మెడ వాల్చి పైపెదవి సాగదీస్తూ నిలబడుతున్నదంటే ఈ పాఠానికి సిద్ధమైనట్టే. ఇంకా బెదురుతూ ఉంటే మరో వారం మూడో పాఠంలోనే ఉండండి. తల్లిపాలు మాన్పించి కొద్ది రోజులే అయిన పిల్ల విషయంలో తొందర అసలే వద్దు.

ఈ పాఠం నేర్చుకునే పిల్లలకు ముందుగా ఒక షరతు. గుర్రాలతో అనుభవమున్న పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, తలకు హెల్మెట్, కాళ్లకు మూసిన బూట్లు ఉండాలి. నేల మీదే కదా ఉన్నామని హెల్మెట్ మానకండి. గుర్రం తన్నేది నేల మీద ఉన్నవాళ్లనే.

మొదటి పని హాల్టర్, అంటే పగ్గం కట్టడానికి తలకు వేసే పట్టీల కట్టు, తొడగడం. గుర్రం కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర దానికి కనిపిస్తుంది కానీ, సరిగ్గా నుదుటి ముందు, సరిగ్గా తోక వెనక ఉన్నది మాత్రం కనిపించదు. అందుకే ఎదురుగా నిలబడి హాల్టర్ చాపితే అది కంటికి ఆనని చోటు నుంచి ఊడిపడినట్టుంటుంది. ఎడమ భుజం పక్కన నిలబడి, హాల్టర్‌ను వాసన చూడనిచ్చి, దానితోనే మెడ నిమిరి, ఆ తర్వాతే ముట్టె మీదుగా పైకి తీసుకెళ్లండి. ముక్కు మీది పట్టీ చెంప ఎముకకు రెండు వేళ్ల కింద, గట్టి ఎముక మీద ఆనాలి. ఇంకా కిందికి జారితే మెత్తని భాగం మీద పడి నొప్పి పుడుతుంది, ఊపిరి ఇరుకవుతుంది. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. పాఠం అయిపోగానే హాల్టర్ తీసేయండి. చెవి గోక్కోబోయిన వెనక కాలి గిట్ట పట్టీలో ఇరుక్కుంటే పిల్ల మెడ విరుచుకోగలదు.

ఇక పగ్గం. సుమారు 3 మీటర్ల నూలు తాడు తీసుకోండి. మిగిలిన తాడును మడతలు మడతలుగా పట్టుకోవాలే తప్ప చేతికి చుట్టుకోకూడదు. నాకు 11 ఏళ్లున్నప్పుడు 8 నెలల ఆడ గుర్రప్పిల్లను పెంచే భాగ్యం దక్కింది. నుదుట తెల్లమచ్చ ఉండేది కాబట్టి దాన్ని చుక్క అని పిలిచేదాన్ని. రెండో రోజునే, అది పారిపోతుందేమోనన్న భయంతో, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను. గాలికి తలుపు దబ్బున కొట్టుకోగానే చుక్క పక్కకు దూకింది, నేను దాని వెంట బోర్లా పడి నాలుగు బారల దూరం ఈడ్చుకుపోయాను. మణికట్టు చుట్టూ తోలు లేచింది. అంతకంటే బాధపెట్టిందేమిటంటే, తన వెనక ఏదో ఈడ్చుకొస్తున్నదన్న భయంతో చుక్క మూడు రోజులపాటు నా చేతిలో తాడు చూస్తేనే మూలకు తగ్గిపోయింది. తాడు జారిపోతే పిల్లను మళ్లీ పట్టుకోవచ్చు, దాని భయాన్ని పోగొట్టడానికి మాత్రం రోజులు పడుతుంది.

ఈ పాఠానికి ఆయువుపట్టు బిగి, సడలింపు అన్న రెండు మాటలలో ఉంది. గుర్రప్పిల్లను ముందు నుంచి లాగితే అది సహజంగానే వెనక్కి లాగుతుంది. దాన్ని మొండితనం అనుకోవడం మన అజ్ఞానం. పైగా లాగులాట వల్ల లేత మెడకు దెబ్బ తగలవచ్చు, కాబట్టి ఈ దశలో దాన్ని దేనికీ కట్టివేయకూడదు కూడా. ముందుకు లాగే బదులు భుజానికి కొంచెం పక్కగా జరిగి, తాడును పక్కకు మెల్లగా, వేళ్లతో మాత్రమే, బిగించి పట్టుకోండి. పట్టు పెంచకండి, తగ్గించకండి, ఊరికే ఆగండి. తల మీ వైపు తిరిగేసరికి దాని బరువు అటు వాలుతుంది, నిలదొక్కుకోవడానికి ముందు కాలు ఒకటి జరపక తప్పదు. ఆ కాలు లేచిన క్షణంలోనే తాడు పూర్తిగా సడలించాలి. పిల్లకు పాఠం చెప్పేది ఆ సడలింపే. రెండు మూడు క్షణాలు ఆలస్యమైతే ఏ పనికి తనకు విడుదల దొరికిందో దానికి అర్థం కాదు.

చుక్కతో ఆ మొదటి అడుగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నేను తాడు పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. దాని ఎడమ చెవి నా వైపు, కుడి చెవి వెనక్కి తిరిగి ఉన్నాయి, ముక్కుపుటాలు పొంగాయి, భుజం మీద చర్మం ఈగ వాలినట్టు ఒక్కసారి అదిరింది. తర్వాత ఎడమ గిట్ట జానెడు పక్కకు జరిగింది. వేళ్లు విప్పాను. చుక్క తల దించి, పెదవులు నాక్కుని, రెండుసార్లు నమిలింది. ఆ నమలడాన్ని ‘పాఠం అర్థమైంది’ అని చెప్పేవారున్నారు. బెరుకు తగ్గి ఒళ్లు సడలిందనడానికి గుర్తుగా మాత్రమే నేను తీసుకుంటాను. ఆ రోజు అంతకు మించి ఏమీ చేయలేదు. మర్నాడు తాడు బిగియకముందే, నేను భుజం తిప్పగానే అది అడుగు వేసింది.

పక్క అడుగులు కుదిరాక ముందడుగు సులువు. దాని ముఖం వైపు తిరగకుండా, వెళ్లవలసిన వైపు చూస్తూ, భుజానికి సమానంగా నడవండి. ప్రతిసారీ ఒకే మాట, ఒకే స్వరంలో అనండి. నాలుగడుగులు నడిచి ఆగండి, గోకండి, మళ్లీ నడవండి. ఎడమ పక్కన నేర్చుకున్నది కుడి పక్కకు దానంతట అది రాదు, కాబట్టి రెండు పక్కలా మొదటి నుంచీ నేర్పాలి. మొత్తం 10 నుంచి 15 నిమిషాలు చాలు.

తినుబండారాలు చేత్తో పెట్టకండి. పిల్ల చేతిని మేతగా భావించి కొరకడం మొదలుపెడుతుంది. కొరకబోతే ముఖం మీద కొట్టవద్దు. మోచేయి అడ్డుపెట్టి, ఒక అడుగు దానిని వెనక్కి పంపి, ఏమీ జరగనట్టే పని కొనసాగించండి.

దాని మీద ఎక్కాలన్న కోరిక ఈ వారంలో మీకు తప్పకుండా పుడుతుంది, నాకూ పుట్టింది. వెన్నెముకలోని ఎముకల ఎదుగుదల 5 ఏళ్లు దాటితేగానీ పూర్తికాదు. ఏడాది పిల్ల వీపు మీద తేలికైన పిల్లవాడు కూడా ఎక్కకూడదు.

హాల్టర్ తీసేటప్పుడు పిల్ల తల లాక్కుంటూ ఉంటే పట్టీ విప్పకండి. తల దించి నిశ్చలంగా నిలబడ్డాక విప్పి, వెంటనే తరిమేయకుండా, మెడ మొదట్లో కాసేపు గోకి మీరే ముందు పక్కకు జరగండి.

వచ్చే పాఠంలో గిట్టలు ఎత్తించడం. అందాకా రోజూ నడక అయ్యాక భుజం నుంచి మోకాలి దాకా అరచేత్తో నిమరడం అలవాటు చేయండి. కాలు లాక్కుంటే చేయి వెంట పోనిచ్చి, కాలు కదలడం ఆగాకే తీయండి.